దయచేసి, దయచేయండి: పరదేశులు నేర్చిన తెలుగు మర్యాదవాక్యాల చరిత్ర

పరాయి దేశానికి బయలుదేరేవారు అక్కడి భాషలో నాలుగు మర్యాదమాటలు ముందుగా నేర్చుకోవాలన్నది నేడు తరచుగా వినిపించే సలహా. పలకరింపుకు ఒక మాట, అభ్యర్థనకు ఒక మాట, కృతజ్ఞతకు ఒక మాట, క్షమాపణకు ఒక మాట ప్రతి భాషలోనూ విడివిడిగా, సిద్ధంగా ఉంటాయన్న నమ్మకం ఈ సలహాకు ఆధారం. తెలుగుదేశానికి వచ్చిన విదేశీయుల భాషాభ్యాస చరిత్రను పరిశీలిస్తే ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. తెలుగులో మర్యాద విడిపదంలో కంటే క్రియ చివర, సంబోధనలో, సర్వనామంలో ఎక్కువగా ఉంటుంది. దాన్ని నేర్వడమంటే నాలుగు మాటలు కంఠస్థం చేయడం కాదు, ఎదుటివాడిని ఏ స్థానంలో నిలపాలో ప్రతి వాక్యంలోనూ నిర్ణయించుకోవడం. ఈ సంగతి వచ్చినవారికి ఏ మేరకు తెలిసింది, తెలిసినవారు దాన్ని ఎవరి విషయంలో పాటించారు అన్నవే ఇక్కడ పరిశీలనాంశాలు.

‘దయచేసి’ అన్న మాటతోనే ఆరంభించవచ్చు. బస్టాండుల్లో, రైల్వేస్టేషన్లలో, కార్యాలయాల గోడల మీద ఈ మాట విరివిగా కనిపిస్తుంది. వరుసలో నిలబడమని, నిశ్శబ్దం పాటించమని, చెప్పులు బయట విడవమని చెప్పే ప్రతి బోర్డూ దీనితోనే మొదలవుతుంది. ఇళ్ళలో మాత్రం ఇది అరుదు. పొరుగింటామెను చక్కెర అడగడానికి వచ్చిన ఇల్లాలు “వదినా, ఒక గ్లాసు చక్కెర ఉంటే ఇస్తారా?” అంటుంది. ఈ చిన్న వాక్యంలో అభ్యర్థనను మోస్తున్నవి నాలుగు: వదినా అన్న వరుస, ఉంటే అన్న చేదర్థకం, ఇస్తారా అన్న ప్రశ్న, అందులోని బహువచనం. దీనికి ముందు ‘దయచేసి’ చేరిస్తే మర్యాద పెరగకపోగా, పొరుగింటి చనువు తగ్గిపోయి ఏదో కోపతాపాలు నడుస్తున్నాయన్న అనుమానం కలుగుతుంది. బస్సులో పక్కవారిని జరగమనడానికి “కాస్త జరగండి” చాలు. కాస్త, కొంచెం, ఒకసారి అన్న మాటలు అడిగినదాన్ని చిన్నది చేసి చూపుతాయి, ‘అండి’ అడిగించుకున్నవారిని పెద్దవారిని చేస్తుంది. తెలుగు అభ్యర్థనలో ఈ రెండు పనులూ కలిసి జరుగుతాయి.

దయచేయు ధాతువు స్వభావం గమనించదగ్గది. అనుగ్రహించు, ఇచ్చు అన్నవి దాని మూలార్థాలు. అక్కడి నుంచి గౌరవనీయుల రాకపోకలను సూచించే క్రియగా మారింది. ఇంటికి వచ్చిన పెద్దలను “దయచేయండి” అంటే లోపలికి రమ్మని, కూర్చోమని అర్థం. ఆయన నిన్న మా ఇంటికి దయచేశారు అంటే వచ్చారని అర్థం. అదే మాటను గొంతు మార్చి “ఇక తమరు దయచేయవచ్చు” అంటే బయటికి నడవమని అర్థం. ఈ వ్యంగ్యం ఏ వాక్యసంగ్రహం నుంచీ పట్టుబడేది కాదు. దీని అసమాపక రూపమైన ‘దయచేసి’ అర్జీల భాషలో కింది నుంచి పైకి పోయే మాట. అర్జీదారు తన విన్నపాన్ని ఏలినవారు దయతో చిత్తగించాలని కోరుకుంటాడు, అక్కడ దయకు చోటు ఉంది, ఎందుకంటే అక్కడ అధికారం ఉంది. ఆంగ్ల వాక్యంలో సమానుల మధ్య, యజమాని నుంచి నౌకరు దాకా, అన్ని దిక్కులా తిరిగే చిన్న మాటకు సమానార్థకం అవసరమైనప్పుడు అర్జీలోని ఈ మాటే చేతికి అందింది. అధికారికి ప్రజ చేసే విన్నపంలోని పదం ప్రజకు అధికారి పెట్టే బోర్డు మీదికి ఎక్కడం వెనుక కథ ఇదేనని చెప్పడం సమంజసం.

కృతజ్ఞత విషయం ఇంకా స్పష్టం. ధన్యవాదాలు, కృతజ్ఞతలు రెండూ సభాభాషలోని తత్సమాలు. వాడుకలో మేలు పొందిన పెద్దలు చేసినవారిని చల్లగా ఉండమని దీవిస్తారు, చిన్నలు తలవంచి ఊరుకుంటారు, సమానులు అసలేమీ అనరు. ఆప్తుల మధ్య కృతజ్ఞత చెప్పడం పరాయితనాన్ని చాటడమే. సెలవు తీసుకునేటప్పుడు “వెళ్తాను” అనడం అమంగళం, “వెళ్ళొస్తాను” అనాలి. మర్యాద తెలిసినవారికి ‘వచ్చు’ ధాతువును అక్కడ చేర్చడం తెలుసు. ఇట్లాంటివాటిని విదేశీయుడు ఓడ ఎక్కకముందే ఎట్లా నేర్చుకోగలడు?

ఓడ ఎక్కకముందే నేర్పే ప్రయత్నం జరిగిందనడానికి దొరికే తొలి సాక్ష్యాల్లో ఒకటి జర్మనీలోని హాలె పట్టణానిది. దక్షిణభారతానికి ప్రొటెస్టంటు ప్రచారకులను పంపిన ప్రధానకేంద్రం అది. అక్కడి నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడి చేరి, తరువాత మద్రాసుకు మారి, తెలుగు నేర్చి, 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో స్వదేశానికి తిరిగివెళ్ళాక 1746, 47 ప్రాంతంలో హాలెలోనే తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చువేయించాడు. ప్రస్తుత విషయానికి ముఖ్యమైనది 1750లో అక్కడే వెలువడిన మరో పుస్తకం. మద్రాసు నగరాన్ని 30 చిన్న సంభాషణలుగా వర్ణించే ఆ గ్రంథం మొదట తెలుగులో కూర్చినదని, తానే దాన్ని ఆంగ్లంలోకి మార్చానని షుల్జ్ శీర్షికలోనే చెప్పుకున్నాడు. తెలుగును అతడు అక్కడ ‘వరుగ’ భాష అన్నాడు. తమిళులు తెలుగువారిని పిలిచే వడుగ శబ్దం అది. చుట్టూ ఉన్న తమిళుల నోటి నుంచి తెలుగు పేరును అందుకున్నవాడు తెలుగు సంభాషణలు రాయడానికి పూనుకోవడంలో మద్రాసు భాషాపరిస్థితి మొత్తం కనిపిస్తుంది.

షుల్జ్ ఎంచుకున్న పద్ధతి సంభాషణ. పదపట్టికతో పోలిస్తే అది పెద్ద ముందడుగు. సంభాషణలో ఇద్దరుంటారు, ఇద్దరుంటే వారి మధ్య ఒక సంబంధం ఉండితీరాలి, ఆ సంబంధం తెలుగులో క్రియకు ఎక్కకుండా ఉండదు. పట్టికలో ‘వచ్చు’ అని రాసి తప్పించుకోవచ్చు. సంభాషణలో రా అనో, రండి అనో, తమరు వేంచేయండి అనో రాయక తప్పదు.

హాలె పుస్తకాలు కొద్దిమంది మతప్రచారకుల చేతుల్లోకే పోయాయి. మద్రాసులోని కుంఫిణీ ఉద్యోగులకు ఆ కాలంలో తెలుగు నేర్చే అవసరమే తోచలేదు. వారికి దుబాసీ ఉన్నాడు. ద్విభాషి శబ్దానికి వికృతి అయిన ఈ పేరు గలవాడు రెండు భాషలతో పాటు రెండు మర్యాదలను కూడా మోసేవాడు. దొర ముక్తసరిగా పలికిన ఆజ్ఞను వర్తకుడి ముందు తగిన గౌరవవాచకాలతో పరిచేది అతడే, వర్తకుడి దీర్ఘవినయాన్ని పొడి వాక్యంగా కుదించి దొరకు అందించేదీ అతడే. దుబాసీ ఉన్నంతకాలం దొరకు మర్యాదవాక్యంతో పనిలేదు. వర్తకం రాజ్యమైన తరువాత, కలెక్టరు రైతుతో నేరుగా మాట్లాడవలసి వచ్చినప్పుడే ఆ పని పడింది.

1806లో ఇంగ్లండులో నెలకొల్పిన కుంఫిణీ కళాశాల తరువాత హైలీబరీకి మారి 1858 దాకా నడిచింది. భారతదేశానికి పోబోయే యువకులకు అక్కడ ప్రాచ్యభాషల బోధన ఉండేది. 19వ శతాబ్ది రెండవ పాదంలో ఫ్రాన్సిస్ జాన్సన్ అక్కడ సంస్కృత, బెంగాలీ భాషలతో పాటు తెలుగును బోధించాడు. అంటే మద్రాసుకు బయలుదేరకముందే తెలుగు వినగలిగిన కుర్రవాళ్ళు కొందరున్నారు. అయితే అసలు చదువు దిగిన తరువాతే. ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ చొరవతో 1812లో మద్రాసులో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలలో పండితుల దగ్గర తెలుగు చదివి, పరీక్ష నెగ్గి, తరువాత జిల్లాలకు వెళ్ళేవారు. ఆ కళాశాల ఆశ్రయంలోనే ఎ. డి. కేంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను, పంచతంత్రాన్ని వచనంలో రాయడం ఈ విద్యార్థుల అవసరం నుంచి పుట్టిన పనే.

ఇక్కడ ఒక చిక్కు తలెత్తింది. దాన్ని చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. పండితులు బోధించినది కావ్యభాష, లేదా దాని నీడలో నడిచే వచనం. కావ్యభాషలో ఏకవచన సంబోధన సర్వసాధారణం. రాజునైనా, ఋషినైనా, దేవుడినైనా నీవు అనడమే అక్కడి రీతి. దేవర, అయ్య వంటి మాటలతో గౌరవాన్ని విడిగా చూపుతారు తప్ప ఒక్కరిని పట్టుకొని మీరు అనడం ఆ భాష స్వభావం కాదు. 1858 నాటి బాలవ్యాకరణం సైతం విధ్యర్థక బహువచనంగా రండు, చేయుఁడు వంటి రూపాలనే సాధిస్తుంది. ఊళ్ళో ప్రతి నోటా ఉన్న రండి, చెయ్యండి రూపాలకు అక్కడ ప్రవేశం లేదు. పుస్తకం చదివి తెలుగు నేర్చిన విదేశీయుడు కరణాన్ని, రెడ్డిని, పీఠాధిపతిని కూడా నీవు అనే ప్రమాదం ఉంది. అది అతడి గర్వం కాదు, పాఠం చేసిన పని. క్రైస్తవ ప్రచారకుల విషయంలోనూ ఇదే జరిగింది. వారు రోజూ చదివిన తెలుగు బైబిలు ఒక్కరితో మాట్లాడినప్పుడల్లా నీవు అనే అంటుంది. మర్యాదను అత్యంత శ్రద్ధగా వ్యాకరించిన గ్రంథభాషే మర్యాదలోని అత్యంత నిత్యమైన రూపాన్ని బయట నిలబెట్టింది.

ఈ చిక్కును గట్టిగా గుర్తించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. హైలీబరీలో చదివి 1817లో మద్రాసు చేరిన బ్రౌన్, వెలగపూడి కోదండరామపంతులు దగ్గర తెలుగు ఆరంభించి, 1820లో కడపకు ఉద్యోగిగా వెళ్ళాడు. వేమన పద్యాల సేకర్తగా, నిఘంటుకర్తగా అతడి కీర్తి సుప్రసిద్ధం. అతడి చిన్న పుస్తకాల మీద ఆ కీర్తి నీడ పడి అవి కనుమరుగయ్యాయి. 1850ల తొలినాళ్ళలో అతడు తెలుగు వాక్యాల అభ్యాసానికి వాక్యావళిని, ఆంగ్ల తెలుగు సంభాషణలను ప్రకటించాడు. 1855లో తాతాచారి కథలను చెప్పినది చెప్పినట్టుగా అచ్చువేయించాడు. మాట్లాడే తెలుగు వినదలచిన పరదేశికి ఇవి మూడూ ఉద్దిష్టాలు. ఆయన, అతడు, వాడు అన్న మెట్లను, ఆమె, అది అన్న మెట్లను బ్రౌన్ వ్యాకరణం గుర్తించింది. ఎవరిని నీవు అనాలో, ఎవరిని మీరు అనాలో, ఎక్కడ తమరు రావాలో అతడికి తెలుసు. ఆ తరువాత మచిలీపట్నంలో పనిచేసిన మతప్రచారకుడు ఎ. హెచ్. ఆర్డెన్ 1873లో వెలువరించిన క్రమాభ్యాస వ్యాకరణం కూడా వాడుకలోని రూపాలకు చోటిచ్చింది. దాని ఆయుష్షు దీర్ఘమైనది. తెలుగు నేర్చిన విదేశీయులు తరతరాలుగా దాన్నే తెరిచారు.

అయితే మెట్లను గుర్తించడం వేరు, ఆ మెట్ల మీద తానెక్కడ నిలుచున్నాడో గుర్తించడం వేరు. పాలకుడు నేర్చే వాక్యాల్లో సింహభాగం ఆజ్ఞలే. ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన లక్షణం కాదు. 1801లో శ్రీరాంపూర్‌లో విలియం కేరీ ప్రకటించిన బెంగాలీ కథోపకథనం నౌకర్లను కుదుర్చుకునే సంభాషణతో మొదలవుతుంది. కేరీ పుస్తకం ఆపైన పల్లెజనుల, స్త్రీల మాటల్లోకి విస్తరించి ఆజ్ఞాపరిధిని దాటింది గనుక గొప్పదైంది. 19వ శతాబ్ది చివరి పాదంలో కొలంబోలో అచ్చయిన, కొత్తగా వచ్చిన తోటదొరల తమిళ మార్గదర్శిని మాత్రం ఆ పరిధిని దాటాలన్న ఆలోచనను కూడా దాచుకోలేదు. దాని పేరే ‘ఇంగే వా’. ఇక్కడికి రా అని అర్థం. తమిళంలో వా అన్నది ఏకవచనం, గౌరవరహితం, వాంగ అంటే రండి. పడుచు దొర ఓడ దిగకముందే నేర్చుకోవలసిన మొదటి మాటగా, పుస్తకానికి పేరుగా నిలిచినది ఆ గౌరవరహిత రూపం. తోటలోని కూలీలకు వేరే రూపం తగదన్నది అక్కడ చెప్పకనే చెప్పిన వ్యాకరణం. మూడక్షరాల శీర్షికలో వలసతోటల సామాజికవ్యవస్థ ఇంత నిండుగా ఇమిడిన మరో పుస్తకం పేరు దొరకడం కష్టం.

దీన్నిబట్టి పరదేశి దొరలు మర్యాద చెడగొట్టారని, అంతకుముందు తెలుగుదేశం సమమర్యాదతో నిండి ఉండేదని అనుకుంటే పొరపాటు. నీవు, మీరు, తమరు అన్న మెట్లను దొరకు నేర్పినవారు స్థానికులే. ఆ మెట్లు కులం మీద, భూమి మీద, వయసు మీద ఆధారపడినవి. వీటిలో వయసు తరచుగా ఓడిపోయేది. ఆసామి ఇంటి పసివాడు అరవయ్యేళ్ళ పాలేరును ఒరే అని పిలవడం, ఆ పాలేరు పసివాడిని చిన్నదొరా, అయ్యగారూ అనడం గ్రామాల్లో ఇటీవలి కాలం దాకా సాగిన వ్యవహారమే. మద్రాసు కళాశాల పండితులు శిష్టవర్గం నుంచి వచ్చినవారు. వారు నేర్పిన మర్యాద వారి వర్గానికి పైనుంచి కనిపించిన మర్యాద. విదేశీయుడు ఆ దృష్టినే భాషానియమంగా అప్పగించుకున్నాడు. మాలపల్లెలోనో మాదిగవాడలోనో ముసలివాడిని “కూర్చోండి” అన్న ప్రచారకుడు తెలుగు వ్యాకరణాన్ని పాటిస్తున్నాడో, ఊరి కట్టడిని ధిక్కరిస్తున్నాడో చెప్పడం కష్టం. ఏక కాలంలో రెండూ చేస్తున్నాడనడమే న్యాయం. ఒక ప్రత్యయం చేయగల పనికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ప్రాంతభేదాన్ని కూడా ఇక్కడే ప్రస్తావించాలి. వాక్యసంగ్రహాల్లోకి ఎక్కిన మర్యాద ప్రధానంగా కోస్తా శిష్టవ్యవహారం. తెలంగాణలో రాండ్రి, కూసోండ్రి అన్న రూపాలున్నాయి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో అన్నా, అవ్వా, అప్పా అన్న వరుస చేరితే నువ్వు అన్న సర్వనామం అగౌరవం కాదు. “నువ్వు కూర్చోన్నా” అన్నదానిలో అన్న అన్న పదమే గౌరవభారాన్ని మోస్తుంది. దీన్ని ఎరగని కోస్తా శ్రోత ఆ మాటను మోటుగా భావించడం, ఎరిగిన శ్రోత ఆత్మీయంగా స్వీకరించడం తెలుగువారి మధ్యే నేటికీ జరుగుతున్నది. ఒకే భాషలో ఒక జిల్లావారికి మరో జిల్లా మర్యాద నేర్చుకోవలసిన పని ఉన్నప్పుడు పరదేశి తడబాటును ఆక్షేపించడంలో అర్థం లేదు.

పరదేశి తడబాటే తెలుగు వచనచరిత్రను మలుపు తిప్పిన సందర్భం ఒకటి ఉంది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె. ఎ. యేట్స్ తెలుగు నేర్చుకునే ప్రయత్నంలో తరగతి గదిలోని తెలుగు, వీధిలోని తెలుగు వేర్వేరుగా ఉండటం చూసి కారణం అడిగాడు. పి. టి. శ్రీనివాసయ్యంగారు ద్వారా ఆ ప్రశ్న గిడుగు వెంకటరామమూర్తిని చేరింది. వ్యావహారిక భాషోద్యమానికి అది ప్రేరణ అయిన తీరు పరిశోధకులకు తెలిసినదే. ఇంతవరకు గమనించని సంగతి ఏమిటంటే యేట్స్ ప్రశ్నలో మర్యాద సమస్య కూడా ఇమిడి ఉంది. గ్రంథభాషలో మనుషులను పలకరించడం సాధ్యం కాదు. ఆ భాషలో పద్యం అల్లవచ్చు, కథ చెప్పవచ్చు, తీర్పు రాయవచ్చు, ఎదురుగా వచ్చిన మనిషిని లోపలికి రమ్మని పిలవడానికి మాత్రం వీలులేదు. గురజాడ కన్యాశుల్కంలో పాత్రలు ఒకరినొకరు పిలుచుకునే పిలుపులను వరుసగా ఏరి చూస్తే, ఒకే పాత్ర ఎదుటి మనిషినీ అవసరాన్నీ బట్టి మర్యాదస్థాయిని ఎన్నిసార్లు మారుస్తుందో తెలుస్తుంది. తెలుగు మర్యాదరూపాలకు అంతకన్న నిండైన సంగ్రహం మరొకటి చూపడం కష్టం.

గిడుగు జీవితంలోనే దీనికి ప్రతిబింబం వంటి మరో అధ్యాయముంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వారి భాష తెలిసినవారిని ఇంట పెట్టుకొని నేర్చి, వారి పిల్లలకు వారి భాషలో పాఠాలు చెప్పించి, 1931లో సవర భాషకు ఆంగ్లంలో వ్యాకరణగ్రంథం వెలువరించారు. సవరల సీమ ఆయనకు విదేశం కాదు, మైళ్ళలో చూస్తే పొరుగే. పల్లంవారు కొండవారితో తెలుగులోనో ఒడియాలోనో, అదీ ఏకవచనంలో మాట్లాడి పనులు చక్కబెట్టుకునే కాలంలో, పొరుగుకు పోవడానికి ముందు పొరుగు భాష నేర్చుకోవాలనుకోవడమే అసాధారణం. దొర తెలుగు నేర్వడానికి ఉద్యోగం, పరీక్ష, బహుమానం కారణాలు. గిడుగుకు అటువంటి నిర్బంధమేదీ లేదు.

వ్యావహారికం గెలిచిన తరువాతే విదేశీయుల కోసం మాట్లాడే తెలుగును నిస్సంకోచంగా బోధించే పుస్తకాలు వచ్చాయి. 1963లో అమెరికాలో లీ లిస్కర్ వ్యవహార తెలుగు ప్రవేశిక, 1968లో హైదరాబాదులో భద్రిరాజు కృష్ణమూర్తి, పి. శివానందశర్మల ఆధునిక తెలుగు ప్రాథమిక పాఠాలు వెలువడ్డాయి. అమెరికా పీస్ కోర్ వాలంటీర్లు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో పనిచేసిన దశకం అది. ఈ పుస్తకాల్లో అభ్యాసకుడు మెమ్‌సాహెబు, కలెక్టరు స్థానాల నుంచి దిగి, అతిథిగా, సహోద్యోగిగా కనిపిస్తాడు. రండి, కూర్చోండి, కాఫీ తీసుకుంటారా అన్నవి అతడు విసిరే ఆజ్ఞలు కావు, అతడికి ఎదురయ్యే ఆహ్వానాలు. క్రియారూపం పాతదే, దాన్ని పలికే నోరు మారింది. ఐసీఎస్ అధికారిగా వచ్చి తెలుగు నేర్చిన జె. పి. ఎల్. గ్విన్ 1985లో కృష్ణమూర్తితో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం రాయడం ఈ మార్పుకు తగిన గుర్తు. దొర పండితుడికి జీతమిచ్చి నేర్చుకున్న రోజుల నుంచి ఇద్దరూ ఒకే పుస్తకం మీద సమాన కర్తలుగా నిలిచే రోజుల దాకా వచ్చిన దూరం ఆ అట్ట మీద కనిపిస్తుంది.

ఇదే కాలం నుంచి ప్రయాణం దిశ కూడా మారింది. కడప, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయేవారు ఇప్పుడు పరభాషా మర్యాదవాక్యాల ముందు నిలుచున్నారు. ప్రవాసకార్మికులకు కేంద్ర విదేశాంగశాఖ నిర్వహించే ప్రయాణపూర్వ శిక్షణలో గమ్యదేశపు భాషాసంస్కృతుల పరిచయం ఒక భాగం. పైన చూసిన పుస్తకాలకు, ఈ శిక్షణకు మధ్య ఒక మౌలికభేదం ఉంది. తోటదొర ఆజ్ఞను పలకడం నేర్చుకున్నాడు, కువైటు ఇంట్లో పనికి పోయే ఆడమనిషి ఆజ్ఞను అర్థం చేసుకోవడం నేర్చుకోవాలి. తఆలీ అంటే రా, జీబీ అంటే తే, రూహీ అంటే పో అని ఆమెకు ముందు తెలియాలి. షుక్రన్ అన్న కృతజ్ఞతామాట తరువాతి సంగతి. ఈ క్రియల చివరి ఈకారం స్త్రీతో మాట్లాడుతున్నట్టు తెలిపే గుర్తు. అరబ్బీ విధ్యర్థకం ఎదుటి వ్యక్తి ఆడో మగో చెబుతుంది, తెలుగు విధ్యర్థకం ఎదుటి వ్యక్తి ఎంతటివారో చెబుతుంది. తెలుగు చెవికి ఆ ఆజ్ఞలో తనకు దక్కిన గౌరవమెంతో తేల్చుకునే ఆధారం క్రియలో దొరకదు, గొంతులోనే వెతుక్కోవాలి.

అరబ్బీలో మరొక మాట ఉంది. ఇంటికి వచ్చినవారిని లోపలికి రమ్మనడానికి, కూర్చోమనడానికి, ముందు పెట్టినది తీసుకోమనడానికి తఫద్దల్ అంటారు, స్త్రీని అయితే తఫద్దలీ అంటారు. దాని మూలం ఫద్ల్, అంటే దయ, అనుగ్రహం. అనుగ్రహించండి అని చెప్పి లోపలికి పిలిచే ఈ పద్ధతి తెలుగులో దయచేయండి అన్నదానికి ధాతువుతో సహా సరిపోతుంది. ఒకదానిని చూసి మరొకటి పుట్టిన దాఖలా ఏమీ లేదు. ఆంగ్లం ద్వారా నేర్చే సంగ్రహాల్లో తెలుగు దయచేసి పక్కన లౌ సమహ్త్ అన్న అభ్యర్థన వాక్యం చేరుతుంది, తఫద్దల్‌కు దయచేయండి అన్న అర్థం రాసినవి అరుదు. రాయచోటి నుంచి వెళ్ళిన మనిషి దాన్ని పుస్తకం లేకుండానే గుర్తుపడుతుంది. యజమానురాలి వాకిట్లో చుట్టాలు దిగినప్పుడు ఆ మాట రోజూ ఆమె చెవిన పడుతుంది, ఆమె తెచ్చి పెట్టిన ఖర్జూరాల పళ్ళెం మీదుగా, ఆమెకు కాక వేరొకరికి.